పెరటి కొలనుకు ఒక చిన్న జలపాతం

ఎత్తు నుండి దూకే నీళ్లను చూసి ముచ్చటపడని వారు ఉండరు. మాచర్ల దగ్గర చంద్రవంక వాగు ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగులు దూకుతుంది. శేషాచలం కొండల్లోని తలకోన 270 అడుగుల ఎత్తు. ఆదిలాబాదు అడవుల్లో కడెం నది కుంటాల దగ్గర బండల మీద మెట్లు మెట్లుగా దిగుతుంది. సెలవులకు పిల్లలను తీసుకొని వెళ్లి చూసి వచ్చిన వారు, ఇంటికి రాగానే పెరటి వైపు చూసి, "మన కొలనులో కూడా ఇలా ఒక ధార పడితే ఎంత బాగుంటుంది!" అనుకోవడం సహజమే.

ఈమధ్య పల్లెటూళ్లలో కూడా చాలామంది ఇళ్ల వెనుక చిన్న కొలను కట్టుకుంటున్నారు. ఒక తామర దుంప, నాలుగు రంగు చేపలు, గట్టు మీద రెండు పూలకుండీలు. ఖర్చు తక్కువ, మనసుకు హాయి. ఆ కొలనుకు ఒక చిన్న జలపాతం చేర్చుకోవాలనుకునే కుటుంబాల కొరకు మాకు తెలిసిన సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము. మేస్త్రిని పిలిచే ముందు, పంపు కొనే ముందు ఒక్కసారి చదవండి. జలపాతం కంటికి ఇంపు, నిజమే. అంతకంటె ముందు అది చేపలకు ఊపిరి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే, దానిని ఎక్కడ కట్టాలి, ఎంత ఎత్తున కట్టాలి, ఏ వేళలో తిప్పాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది.

నీటిలో గాలి ఎంత?

మనము పీల్చే గాలిలో ఐదోవంతు ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్. ఒక లీటరు గాలిలో అది సుమారు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. చేప పీల్చేది నీటిలో కరిగిన ప్రాణవాయువును. 30 డిగ్రీల వేడి ఉన్న ఒక లీటరు నీటిలో అది మహా అయితే ఏడున్నర మిల్లీగ్రాములు. 20 డిగ్రీల చల్లని నీరైతే 9 మిల్లీగ్రాముల దాకా పట్టుతుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గిపోతుంది. మన ఎండలకు పెరటి కొలనులో నీళ్లు ఎంత కాగుతాయో చెప్పనక్కరలేదు. చేపలు సుఖంగా ఉండాలంటే లీటరుకు 5 మిల్లీగ్రాములైనా ఉండాలి. కాబట్టి వేసవిలో చేపకు ఉన్న వెసులుబాటు చాలా కొద్దిది.

ఈ ప్రాణవాయువు నీటిలోకి రెండు దారుల్లో వస్తుంది. మొదటిది పగటి వెలుతురులో నీటి మొక్కలూ, నీటిని ఆకుపచ్చగా చేసే నాచూ ఇచ్చేది. రెండవది నీటి పైపొరకు గాలి తగిలి కరిగేది. కదలని నీటిలో ఈ రెండవ దారి చాలా ఇరుకు. అదే నీరు ఎత్తు నుండి పడి చిందితే, ప్రతి బొట్టుకూ చుట్టూ గాలి తగులుతుంది. పడిన చోట బుడగలు లోపలికి దిగుతాయి, అలలు కొలను అంతటా పాకుతాయి. గోదావరి, కృష్ణా కాలువల మీద లాకుల దిగువన, నీళ్లు నురగలు కక్కుతూ పడే చోట గాలాలు వేసుకొని కూర్చునే వారిని మీరు చూసే ఉంటారు. చేప అక్కడికి చేరుతుందని వారికి ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు.

తెల్లవారుజాము గండం

సూర్యుడు ఉన్నంతసేపు మొక్కలు ప్రాణవాయువును ఇస్తాయి. చీకటి పడగానే అవి కూడా చేపలలాగే దానిని తీసుకుంటాయి. రాత్రంతా చేపలు, మొక్కలు, నాచు, అడుగున కుళ్లే ఆకులు అన్నీ కలిసి వాడుకోగా, తెల్లవారే ముందు నీటిలో మిగిలేది అతి తక్కువ. పగలంతా మబ్బు పట్టి ఉంటే ఇంకా తక్కువ. చేపల చెరువుల రైతులు మబ్బు రోజుల్లో రాత్రిళ్లు నిద్ర మానుకొని గట్ల మీద తిరిగేది అందుకే.

మా పెరట్లో ఉన్నది 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల సిమెంటు కొలను. ఒక తామర కుండీ, 15 గోల్డ్ ఫిష్ చేపలు. ఒక భాద్రపద మాసంలో వారం రోజులు మబ్బు విడవలేదు. తెల్లవారి లేచి చూస్తే చేపలన్నీ పైకి తేలి, నోళ్లు తెరిచి, గట్టు దగ్గర గుంపుగా ఉన్నాయి. ఎండ కాస్త వచ్చాక లోపలికి దిగేవి. మరునాడు మళ్లీ అంతే. ఆ సమయానికి ఆకివీడు వైపు చేపల చెరువులు చేసే మా బావగారు ఇంటికి వచ్చారు.

"అల్లుడుగారూ, నిన్ననే సగం నీళ్లు మార్పించానండీ. మురికి కూడా లేదు. అయినా ఇవి ఇలా తేలుతున్నాయేమిటి?" అని అమ్మ అడిగింది.

"మురికి కాదండీ అత్తయ్యగారూ, ఊపిరాడడం లేదు వాటికి" అన్నారాయన. ఒక బకెట్టు తీసుకొని, కొలనులో నీళ్లే ముంచి, ఛాతీ ఎత్తు నుండి కొలనులోనే పోయడం మొదలుపెట్టారు. పావుగంట అలా పోశాక చేపలు ఒక్కొక్కటిగా లోపలికి దిగాయి. "మా చెరువులోనైతే ఇంజను పెట్టి చెరువు నీళ్లే చెరువులో చిమ్మిస్తాము. మీకు చిన్న పంపు చాలు. కానీ రాత్రి ఆపవద్దు" అని చెప్పి వెళ్లారు.

ఆ చివరి మాటే అసలు మాట. చాలా ఇళ్లలో జలపాతం ఉంటుంది గాని, చుట్టాలు వచ్చినప్పుడు తిప్పుతారు, సాయంత్రం చూసి ఆనందిస్తారు, పడుకోబోయే ముందు కరెంటు ఖర్చని ఆపేస్తారు. చేపలకు కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు. రోజంతా తిప్పగలిగితే అన్నిటికంటె మేలు. తిప్పలేని వారు రాత్రి పది గంటలకు వేసి, బాగా ఎండ వచ్చాక ఏడు గంటలకు ఆపండి. 40 వాట్ల పంపు ఆ తొమ్మిది గంటలకు మూడోవంతు యూనిట్ కంటె కాస్త ఎక్కువ తీసుకుంటుంది. నెలకు సుమారు 11 యూనిట్లు. ఇరవై నాలుగు గంటలూ తిప్పినా నెలకు 29 యూనిట్ల లోపే.

ఒక హెచ్చరిక. సోలార్ పలకకు నేరుగా కలిపే పంపులు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి. బ్యాటరీ లేకపోతే అవి పొద్దుగూకగానే ఆగిపోతాయి. పగలు బ్రహ్మాండంగా చిమ్ముతాయి, అవసరమైన వేళకు నిద్రపోతాయి. కొనేటప్పుడు ఈ సంగతి అడగండి.

ముందు కంచె, తరువాత జలపాతం

ఈ భాగాన్ని దయచేసి దాటవేయకండి. నీళ్లు పడే చప్పుడు పెద్దలకు ఎంత ఇంపో, పాకే పిల్లలకూ నడక నేర్చిన పిల్లలకూ అంతకు పదింతలు ఆకర్షణ. ఇంతకాలం కొలను వైపు చూడని బిడ్డ కూడా జలపాతం పెట్టిన రోజు నుండి అటే పరుగెత్తుతుంది. చిన్న బిడ్డ మునగడానికి లోతైన బావి అక్కరలేదు. ముక్కూ నోరూ మునిగేంత నీళ్లు చాలు. అది కూడా కేకలు లేకుండా, ఒకటి రెండు నిమిషాల్లో, పెద్దలు పది అడుగుల దూరంలో ఉండగానే జరిగిపోతుంది.

కాబట్టి ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలున్నా, పక్కింటి పిల్లలు వస్తూ పోతూ ఉన్నా, పంపు కొనే ముందు రెండు పనులు చేయండి. కొలను చుట్టూ పిల్లలు ఎక్కలేని మూడున్నర, నాలుగు అడుగుల కంచె, దానికి తనంతట తానే మూసుకునే తలుపు. ఇంకా, నీటికి తగలకుండా, నీటిమట్టానికి పైన గట్టి ఇనుప జాలీ ఒకటి పరిపించండి. చేపలు దాని కింద తిరుగుతాయి, తామర దాని కన్నాల్లో నుండి వస్తుంది, బిడ్డ పడినా మునిగిపోదు. ఆ జాలీ మీద పెద్దమనిషి నిలబడినా వంగకూడదు. మేస్త్రి బిగించాక మీరే కాలు పెట్టి పరీక్ష చేయండి. ఈ రెండూ ఉన్నా, చిన్న పిల్లలను కొలను దగ్గర ఒంటరిగా విడవకండి. క్రిస్మస్‌కూ సెలవులకూ చుట్టాల పిల్లలు ఇంటి నిండా ఉన్నప్పుడు, ఇంతసేపు ఫలానా వారు కొలను దగ్గర కూర్చోవాలి అని పెద్దలలో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. అందరూ చూస్తున్నారు అనుకున్న చోట ఎవరూ చూడరు.

చోటు ఎంచుకోవడం

కొలనుకు పొద్దున నాలుగైదు గంటల ఎండ, మధ్యాహ్నం నీడ ఉంటే మంచిది. వేప, చింత, మామిడి చెట్ల కింద వద్దు. రాలిన ఆకు కుళ్లి ప్రాణవాయువును తినేస్తుంది, పంపు మూతికి అడ్డు పడుతుంది. మరుగుదొడ్డి గుంటకూ తాగునీటి బావికీ దూరంగా ఉండాలి.

జలపాతం మీరు కూర్చునే అరుగుకు ఎదురుగా పడాలి. పంపు దానికి అవతలి చివర ఉండాలి. అప్పుడు ఈ చివర పడిన నీరు కొలను అంతా దాటి ఆ చివరకు వెళుతుంది. జలపాతం కిందనే పంపు పెడితే ఆ మూలన నీళ్లే తిరుగుతుంటాయి, మిగతా కొలను కదలకుండా ఉండిపోతుంది.

ఎత్తు నీటిమట్టం నుండి ఒకటిన్నర అడుగు చాలు. అంతకు పెంచితే పంపు పెద్దది కావాలి, చిందడం వలన నీరు వృథా అవుతుంది, రాత్రి చప్పుడుకు పక్కవారికి నిద్ర ఉండదు. మోకాలి ఎత్తు జలపాతం చేపలకు కావలసిన పని అంతా చేస్తుంది.

గట్టు, పరదా, బండలు

కొలను తవ్విన మట్టి ఉంటే దానితోనే గట్టు పోసి దిమ్మిసతో బాగా కొట్టండి. ఒక వాన పడి మట్టి సర్దుకున్నాక పైపని మొదలుపెట్టడం మంచిది. తొందర ఉంటే ఇటుకలతో మూడు మెట్లు కట్టించండి.

జలపాతం ఉన్న కొలనులలో నీరు తగ్గిపోవడానికి కారణం చాలాసార్లు కొలను కాదు, జలపాతమే. నీరు బండల సందుల్లో నుండి మట్టిలోకి పోతుంది. అందుకని బండల కింద మొదట మందమైన ప్లాస్టిక్ పరదా వేయాలి. దాని కింది అంచు కొలను లోపలికి అడుగైనా దిగాలి. రెండు ముక్కలు అతకవలసి వస్తే, ఇంటి పెంకుల మాదిరిగా పైముక్క అంచు కిందిముక్క మీద పడాలి. రెండు పక్కలా అంచులు ఆరేసి అంగుళాలు పైకి లేపి, రాళ్లతో కప్పేయండి. పైనుండి చూస్తే కాలువ ఆకారంలో ఉండాలి.

ఆపైన బండలు. కడప నల్లబండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ, మీకు ఏది దగ్గరైతే అది. ఇవన్నీ సున్నపురాయి జాతివి. గోల్డ్ ఫిష్ వంటి చేపలకు ఇబ్బంది లేదు. నీరు దూకే పెదవి బండ కింది రాతి కంటె రెండు మూడు అంగుళాలు ముందుకు రావాలి. గంజి వార్చేటప్పుడు గిన్నె అంచు సరిగా లేకపోతే గంజి గిన్నె పొట్ట మీదుగా కారుతుంది, చూశారు కదా? జలపాతంలోనూ అంతే. బండ అంచు గుండ్రంగా ఉంటే నీరు దూకకుండా బండ అడుగున పాకి వెనక్కు పోతుంది. అంచు పదునుగా కోయించి, అడుగు వైపు అంచుకు అంగుళం లోపల ఒక చిన్న గాడి తీయమని రాళ్లు కోసేవారికి చెప్పండి. మేడ సన్‌షేడ్‌ల కింద మేస్త్రీలు తీసే గాడి వంటిదే.

కొత్త సిమెంటు తగిలిన నీటిలో సున్నం దిగుతుంది, అది చేపలకు హాని. నీళ్లు నింపి, నాలుగు రోజులు ఉంచి తీసివేయడం మూడు నాలుగు సార్లు చేయాలి. మన వైపు అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టే అలవాటు కూడా ఉంది. ఆ నీళ్లన్నీ పారబోశాక గాని చేపలు వదలకండి.

పైన ఒక చిన్న తొట్టి

జలపాతం మొదట్లో నీరు నేరుగా బండ మీదికి కాక, ఒక చిన్న తొట్టిలోకి వచ్చి, దాని నిండా పోసిన కంకర గుండా నడిచి, అవతలి అంచు నుండి దూకేలా చేయండి. పాత సిమెంటు గోలెం గాని, ప్లాస్టిక్ టబ్బు గాని సరిపోతుంది. చేపల రెట్ట నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. కంకర రాళ్లకు అంటుకొని పెరిగే కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు అంత హాని చేయదు, దానిని తామర వేళ్లు ఎరువుగా తీసుకుంటాయి.

ఈ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. గనుక మొదట మూడు నాలుగు చేపలే వేసి, మేత తగ్గించి, నెల గడిచాక మిగతావి వేయండి. కంకరను కుళాయి నీళ్లతో కడగకండి, అందులోని క్లోరిన్ వాటిని చంపుతుంది. ఒక బకెట్టు కొలను నీళ్లలోనే జాడించి మళ్లీ వేయండి. వాటికీ ప్రాణవాయువు కావాలి. రోజంతా తిప్పితే మేలు అన్నది ఇందుకే.

పైపు చివర ఈ తొట్టిలో మునిగి ఉండకూడదు, నీటిమట్టానికి పైన ఉండాలి. మునిగి ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ తొట్టిలోని నీరంతా అదే పైపులో నుండి కిందికి వచ్చేసి, కంకర ఎండిపోతుంది.

పంపు లెక్క

మా కొలను కొలత 80 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకు 28 లీటర్ల చొప్పున సుమారు 2,250 లీటర్లు. గంటకు అందులో సగమైనా జలపాతం మీదుగా రావాలి, అంటే 1,100 లీటర్ల పైచిలుకు. పంపు పెట్టె మీద వ్రాసే అంకె నీటిని పైకి ఎత్తకుండా ఉన్నప్పటిది. ఎత్తే కొద్దీ తగ్గుతుంది. పెట్టె మీద వ్రాసిన గరిష్ఠ ఎత్తుకు వచ్చేసరికి చుక్క కూడా రాదు. కాబట్టి ఈ కొలతకు గంటకు 2,000 లీటర్లని వ్రాసి ఉన్నది తీసుకోవడం మంచిది. ఎత్తును నీటిమట్టం నుండి పైపు చివర వరకు కొలవండి. పంపు ఎంత లోతున ఉందన్నది లెక్కలోకి రాదు. పైపు అంగుళానిది వేయండి, సన్న పైపులో నీరు రాపిడికి తగ్గిపోతుంది.

బిగించాక ఎంత వస్తుందో మీరే చూసుకోవచ్చు. 15 లీటర్ల బకెట్టు 45 సెకన్లలో నిండితే గంటకు 1,200 లీటర్లు వస్తున్నట్లు. ఆ నీటికి పెదవి బండ మీద దారి మూడు, నాలుగు అంగుళాల వెడల్పు ఉంటే చక్కని పొరలాగా దూకుతుంది. అడుగు వెడల్పున పొర కావాలంటే గంటకు నాలుగున్నర వేల లీటర్లు కావాలి. కాబట్టి వెడల్పు మీద ఆశ తగ్గించుకుంటే పంపు, కరెంటు రెండూ ఆదా అవుతాయి.

పంపును కొలను అడుగున పెట్టకండి. సగం లోతులో ఇటుకల దిమ్మె మీద పెట్టండి. రాత్రి వేళ పైపు ఊడినా, బండ జరిగి నీరు బయటికి పోయినా, పంపు తన మూతి వరకే తోడగలదు. అడుగు నీళ్లలో చేపలు బ్రతికి ఉంటాయి. ఆ స్థితిలో నీరు లేక పంపు కాలిపోవచ్చు. పోతే పోనివ్వండి.

కరెంటు

నీళ్లూ కరెంటూ ఒక చోట చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్, పంపు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటు ఆపివేసే ఆర్.సి.సి.బి. తప్పనిసరి. దాని మీద ఉండే పరీక్ష బొత్తాన్ని నెలకొకసారి నొక్కి చూడండి. స్విచ్చు నాలుగైదు అడుగుల ఎత్తున, వాన తగలని చోట ఉండాలి. వైరుకు నీటిలో గాని, తడి నేల మీద గాని అతుకు ఉండకూడదు. కొలనులో చేయి పెట్టే ముందు స్విచ్చు ఆపడం చాలదు, ప్లగ్గు తీయాలి. ఇంట్లో ప్రతివారికీ, పనికి వచ్చే వారికీ ఈ మాట చెప్పి ఉంచండి.

కరెంటు పోయినప్పుడు ఏమి చేయాలి? చేపలు తక్కువగా ఉంటే నాలుగైదు గంటల కోతకు భయం లేదు. గోల్డ్ ఫిష్ ఒక్కొక్కదానికి 100 లీటర్లకు తగ్గకుండా నీరు ఉండాలన్నది మేము పాటించే లెక్క. కోయ్ చేపలు రెండడుగులు దాటి పెరుగుతాయి, మన చిన్న కొలనులకు అవి తగవు. రాత్రంతా కరెంటు రాకపోతే, తెల్లవారుజామున లేచి బకెట్టుతో పావుగంట ఎత్తి పోయండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు కూడా రంగు చేపల దుకాణాల్లో దొరుకుతుంది.

దోమలు

"పెరట్లో నీళ్లు పెట్టుకుంటే జ్వరాలు రావా?" అని పెద్దలు అడుగుతారు. సరైన ప్రశ్నే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం నేటికీ ఉంది. మలేరియా దోమ, డెంగీ దోమ నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడతాయి. గుడ్డు నుండి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది.

కదిలే నీటిలో, చేపలు తిరిగే నీటిలో పిల్లదోమలు బ్రతకవు. కాని జలపాతం ఆపి ఊరికి వెళితే, పై తొట్టిలోనూ బండల గుంటల్లోనూ నిలిచిన నీరు వాటికి ఉయ్యాల అవుతుంది. అక్కడ చేప ఉండదు కదా. వారానికొకసారి ఆ గుంటలు ఊడ్చండి. ఆరోగ్యశాఖ వారు శుక్రవారం "డ్రై డే" అని చెప్పేది ఇలాంటి వాటి గురించే. ఊరికి వెళ్లేటప్పుడు తొట్టిని కూడా ఖాళీ చేయండి. 1928లో మన దేశానికి తెచ్చిన గంబూసియా చేప దోమ పిల్లలను తింటుంది గాని, ఇతర చేపల గుడ్లనూ పిల్లలనూ కూడా తింటుంది. మీ కొలనులో ఉంటే దానిని కాలువల్లో, ఊరి చెరువులో వదలకండి. ఆ పనికి గోల్డ్ ఫిష్ కూడా చాలు.

నీటి ఖర్చు

ఎండ ముదిరిన రోజుల్లో కొలను నుండి రోజుకు సెంటీమీటరు దాకా నీరు ఆవిరవుతుంది. మా కొలను వైశాల్యానికి అది 37 లీటర్లు, అంటే రెండున్నర బిందెలు. చిందేది దీనికి అదనం. తాగునీటికి మైళ్లు నడిచే ఊళ్లలో ఇది తగని ఖర్చు. అటువంటి చోట వానాకాలం, శీతాకాలం మాత్రమే కొలను నింపుకొని, వేసవికి చేపలను నీరున్న వారింట అప్పగించడం న్యాయం.

నీరు మామూలుగా తగ్గుతున్నదా, కారిపోతున్నదా తెలుసుకోవడానికి సులువైన మార్గం ఉంది. నిండు బకెట్టు ఒకటి కొలను పక్కనే ఎండలో పెట్టండి. ఒక రోజు తరువాత రెండింటిలో ఎంత తగ్గిందో కొలవండి. కొలనులో ఎక్కువ తగ్గితే, జలపాతం ఆపి మరొక రోజు చూడండి. అప్పుడు సమానమైతే లోపం జలపాతం పరదాలోనో, చిందడంలోనో ఉన్నట్లు.

బోరు నీళ్లు కలిపేటప్పుడు నేరుగా కొలనులో పోయకండి. భూమి లోపలి నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువగా ఉంటుంది. పై తొట్టిలో పోస్తే అది జలపాతం మీదుగా గాలి పీల్చుకొని దిగుతుంది. ఒక్కసారే ఎక్కువగా కాకుండా, పదోవంతుకు మించకుండా కలపండి.

చివరిగా

పంపు కొనే స్తోమత లేదని ఎవరూ నిరుత్సాహపడనక్కరలేదు. చేపలను తగ్గించండి, రాలిన ఆకులను ఏరోజుకారోజు తీయండి, మేత రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున ఒక బకెట్టు పట్టుకొని కొలను దగ్గరకు వెళ్లండి. ఇంట్లో పదేళ్ల పిల్లవాడుంటే మీ పక్కన నిలబెట్టుకొని ఆ పని నేర్పండి. మన చేతిలోని ప్రాణి మాట్లాడలేదు గనుక, దానికి ఎప్పుడు ఏది కావాలో మనమే లేచి చూడాలని ఆ బిడ్డకు అక్కడే తెలుస్తుంది.

పంపు ఉన్నవారు మాత్రం ఈ రాత్రి పడుకోబోయే ముందు స్విచ్చు మీద చేయి వేసినప్పుడు ఒక్క క్షణం ఆగండి. మీరు చూసే వేళ అయిపోయింది. చేపలకు అవసరమైన వేళ ఇప్పుడే మొదలవుతున్నది.